దేవుని దీర్ఘశాంతం, మారుమనస్సు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన ముగిసి ఆశీర్వాదం పలికిన తరువాత, మందిరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ కొందరు కావాలనే ఆలస్యం చేస్తారు. అందరి ముందు అడగలేని ప్రశ్న ఏదో వారి దగ్గర ఉంటుంది. వాక్యం బోధించేవాడిగా నేను ఏళ్ల తరబడి విన్న అటువంటి ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి: దేవుడు ఎందుకు ఊరుకుంటున్నాడు, ఎంతకాలం ఊరుకుంటాడు, ఈలోగా నేను చేయవలసినది ఏమిటి. వాటికి నేను చెప్పగలిగిన సమాధానాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

దీర్ఘశాంతం అంటే ఓర్పేనా?

కొంతవరకు అంతే. అయితే ఆ మాట వెనుక ఉన్న బొమ్మను చూస్తే అర్థం ఇంకా తేటపడుతుంది. ఊరికే కోప్పడే మనిషిని చూసి “ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది” అని మనం అంటాం. హెబ్రీ భాషలోనూ కోపానికీ ముక్కుకూ ఇదే చుట్టరికం ఉంది. ఆ భాషలో ఒకే మాట ముక్కునూ కోపాన్నీ సూచిస్తుంది. నిర్గమకాండము 34:6లో దేవుడు తనను గురించి మోషేకు తానే ప్రకటించుకున్న మాటలలో, మన తెలుగు బైబిలు “దీర్ఘశాంతము” అన్న చోట మూలంలో ఉన్న పదబంధానికి అక్షరార్థం “ముక్కు పొడవైనవాడు” అని. కోపం బయటికి రావడానికి చాలా దూరం ప్రయాణం చేయాలన్నమాట.

ఆ మాట దేవుడు ఎప్పుడు చెప్పాడో కూడా గమనించాలి. ఇశ్రాయేలీయులు సీనాయి కొండ కింద బంగారు దూడను చేసుకుని మొక్కిన తరువాత, మోషే మొదటి రాతి పలకలను పగులగొట్టిన తరువాత, రెండవసారి పలకలు చెక్కి తీసుకుని కొండ ఎక్కిన ఉదయం అది. అంతా సవ్యంగా ఉన్న రోజున చెప్పిన మాట కాదు. ఏమీ చేయలేనివాడు ఓర్చుకోక తప్పదు; శిక్షించే అధికారమూ, కారణమూ రెండూ చేతిలో ఉన్నవాడు ఆగడాన్నే బైబిలు దీర్ఘశాంతం అంటుంది.

నాకు అన్యాయం చేసినవాడు హాయిగా తిరుగుతున్నాడు. దేవుడు వాడిని ఎందుకు ఏమీ చేయడు?

ఈ ప్రశ్న అడిగేవారిని విశ్వాసం లేనివారని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కీర్తనలలో “ఎంతవరకు?” అన్న మొర పదే పదే వినబడుతుంది. దుష్క్రియకు తగిన శిక్ష త్వరగా పడకపోవడం వల్ల మనుషులు భయం విడిచి చెడు చేస్తారని ప్రసంగి 8:11 కూడా ఒప్పుకుంటుంది. దేవుని ఓర్పును దుర్మార్గులు దుర్వినియోగం చేసుకుంటారన్న సంగతి బైబిలుకు తెలియనిది కాదు.

మత్తయి 13వ అధ్యాయంలో యేసు చెప్పిన గురుగుల ఉపమానం దీనికి ఒక వైపునుండి సమాధానమిస్తుంది. గోధుమలలో ఎవరో రాత్రివేళ గురుగులు చల్లిపోయారు. పనివారు వెంటనే పీకేస్తామన్నారు. యజమాని వద్దన్నాడు, గురుగులతో పాటు గోధుమలు కూడా ఊడివస్తాయన్నాడు. వరి సాగు తెలిసినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. ఊద గడ్డి కంకి వేసేదాకా వరి మొక్కలాగే కనబడి, కలుపు తీయడంలో చేయి తిరిగిన కూలీలను కూడా మోసం చేస్తుంది. పాలస్తీనా పొలాల్లోని గురుగులూ అటువంటివే. పొలంలో మొక్క మారదు గాని మనిషి మారగలడు. ఈ రోజు గురుగుగా కనబడిన సౌలు, విశ్వాసులను హింసించినవాడు, రేపు అపొస్తలుడైన పౌలు కావచ్చు. అయితే అదే ఉపమానంలో కోతకాలం కూడా ఉంది. యజమాని “వద్దు” అనలేదు, “ఇప్పుడు వద్దు” అన్నాడు. మీకు జరిగిన అన్యాయం దేవుని లెక్కలోనుండి కొట్టివేయబడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, కాస్త కఠినంగా ఉన్నా సరే. పేతురు తన రెండవ పత్రిక 3:9లో, ఎవరూ నశించకూడదని కోరి ప్రభువు “మీయెడల” దీర్ఘశాంతం చూపుతున్నాడని రాశాడు. దేవుడు వెంటనే తీర్పు తీర్చాలని మనం కోరేటప్పుడు ఆ తీర్పు పొరుగువాడి ఇంటి దగ్గరే ఆగిపోతుందని అనుకుంటాం. మన గుమ్మం దగ్గర కూడా దేవుడు తీర్పు తీర్చకుండా ఆగాడని ఆ “మీయెడల” అన్న మాట గుర్తు చేస్తుంది.

అయితే హింసించే భర్తను భార్య కూడా అలాగే ఓర్చుకోవాలా?

అవసరం లేదు. దేవుని దీర్ఘశాంతాన్ని చూపించి దెబ్బలు తింటున్న స్త్రీని తిరిగి అదే ఇంటికి పంపడం వాక్యాన్ని వక్రీకరించడమే. అలా పంపిన పెద్దలను నేను చూశాను, దాని ఫలితాన్నీ చూశాను. దేవుడు పాపికి సమయం ఇస్తాడు గాని ఆ సమయం ఖర్చు ఇంకొకరి ఒంటి మీద వేయమని ఎక్కడా చెప్పలేదు. పుట్టింటికి వెళ్ళడం, పోలీసులకు చెప్పడం, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు. ఆయన మారాలని ఆమె ప్రార్థించవచ్చు. దూరంగా, క్షేమంగా ఉండి కూడా ప్రార్థించవచ్చు.

అంజూరపు చెట్టు ఉపమానంలో ఇంకొక సంవత్సరం ఎందుకు ఇచ్చారు?

దేవుని ఓర్పు గురించి ఒక్క భాగమే చదవగలిగితే లూకా 13:6–9 చదవమంటాను. ద్రాక్షతోటలో ఒక అంజూరపు చెట్టు. యజమాని మూడేళ్లుగా వచ్చి పండ్లు వెతుకుతున్నాడు, ఒక్కటీ లేదు. నరికివేయమన్నాడు. తోటమాలి అడ్డుపడి, ఈ ఒక్క సంవత్సరం ఉండనివ్వమని, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని, అప్పటికీ కాయకపోతే నరికించమని వేడుకున్నాడు.

మా నాన్నగారికి చిన్న నిమ్మతోట ఉండేది. దానిలో ఒక చెట్టు పచ్చగా, ఏపుగా పెరిగేది గాని కాపు లేదు. ఒక వేసవిలో ఆయన దాని చుట్టూ పాదు తవ్వడం నేను దగ్గరుండి చూశాను. గునపం వేర్లకు తగిలినప్పుడల్లా ఆగి, చేత్తో మట్టి తీసేవారు. మాగిన పశువుల ఎరువు గంపలతో మోసి పాదులో పోసి, మట్టి కప్పి, నీళ్లు కట్టారు. కాసే చెట్లకు కూడా అంత చాకిరీ చేయలేదు. ఆ రోజు చెట్టుకు నోరుంటే, తనను వదిలేసి ఉంటే బాగుండునని అనుకుని ఉండేది. వేర్ల దగ్గర గునపం దిగుతుంటే అది దయ అని దానికెలా తెలుస్తుంది?

ఈ ఉపమానంలో నన్ను పట్టుకునేది అదే. ఇచ్చిన సంవత్సరం ఖాళీ సంవత్సరం కాదు. యజమాని కళ్లు మూసుకోలేదు, తోటమాలి చేతులు కట్టుకుని కూర్చోలేదు. దేవుడు ఓర్చుకుంటున్నాడంటే పని చేస్తున్నాడని అర్థం: ఒక ప్రసంగం ద్వారా, ఒక స్నేహితుని మందలింపు ద్వారా, ఒక్కొక్కసారి మనం నష్టమనుకున్నదాని ద్వారా మన వేర్ల దగ్గర తవ్వుతున్నాడు. అలాగని ప్రతి కష్టమూ మన పాపానికి వచ్చినదేనని అనకూడదు. ఈ ఉపమానానికి ముందు వచనాలలోనే సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని యేసు స్పష్టంగా చెప్పాడు.

ఉపమానం ముగింపు లేకుండా ఆగిపోతుంది. చెట్టు కాసిందా, నరికించారా అన్నది లూకా రాయలేదు.

మారుమనస్సు, పశ్చాత్తాపం ఒకటేనా?

మాట్లాడేటప్పుడు ఒకదానికి బదులు ఒకటి వాడతాం గాని తేడా ఉంది. కొత్త నిబంధన గ్రీకు మూలంలోని “మెటనోయ” అనే మాట ఆలోచన మారడాన్ని, మనస్సు మరొక దిక్కుకు తిరగడాన్ని చెబుతుంది. పాత నిబంధన ప్రవక్తలు వాడిన “షూవ్” అనే హెబ్రీ క్రియకు వెనుకకు తిరగడం, ఇంటికి తిరిగి రావడం అని అర్థం. కతోలికుల తెలుగు బైబిలులో ఇదే భావానికి “హృదయపరివర్తనము” అన్న మాట ఉంది. మూడు మాటలలోనూ కన్నీళ్ల ప్రస్తావన లేదు. కన్నీళ్లు రావచ్చు, రాకపోవచ్చు; తిరగడం మాత్రం జరగాలి.

తేడా చూడాలంటే యేసు పట్టబడిన ఆ ఒక్క రాత్రి పడిపోయిన ఇద్దరు శిష్యులను పక్కపక్కన పెట్టండి. పేతురు యేసును ఎరుగనని మూడుసార్లు బొంకాడు, బయటికి వెళ్ళి సంతాపపడి ఏడ్చాడు. యేసును అప్పగించిన యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడని మత్తయి 27:3 చెబుతుంది. తాను నిరపరాధి రక్తాన్ని అప్పగించానని ఒప్పుకున్నాడు, 30 వెండి నాణెములు తిరిగి ఇచ్చాడు. ఒప్పుకోలు ఉంది, సొమ్ము తిరిగి ఇవ్వడం కూడా ఉంది. కాని తన దుఃఖాన్ని పట్టుకుని అతడు వెళ్ళింది ప్రధానయాజకుల దగ్గరకు. “దానితో మాకేమి” అని వారు చేతులు దులుపుకున్నారు. పేతురు మాత్రం మిగిలిన శిష్యుల మధ్యనే ఉండిపోయాడు, తరువాత యేసు ఒడ్డున కనబడగానే పడవ దిగేదాకా ఆగలేక నీటిలో దూకాడు. దుఃఖంలో రెండు రకాలున్నాయని, ఒకటి రక్షణకు, మరొకటి మరణానికి దారితీస్తుందని పౌలు 2 కొరింథీయులకు 7:10లో రాసినప్పుడు నాకు ఈ ఇద్దరే గుర్తుకొస్తారు. (ఎవరైనా తీవ్రమైన అపరాధ భావంతో ప్రాణం తీసుకోవాలన్న తలంపులో ఉంటే, దయచేసి ఒంటరిగా ఉండకండి; ఈ రోజే ఒక మనిషికి చెప్పండి, వైద్యుని సాయం తీసుకోండి. అది ప్రార్థనకు పోటీ కాదు.)

దేవుని దయ చూసి యోనాకు కోపం ఎందుకు వచ్చింది?

దేవుడు యోనా ప్రవక్తను పంపిన నీనెవె అష్షూరు రాజ్యానికి చెందిన నగరం. క్రూరత్వానికి పేరుపడిన రాజ్యం అది. అక్కడ యోనా చేసిన ప్రసంగం హెబ్రీలో అయిదు మాటలు మాత్రమే: ఇంకా 40 దినాలకు నీనెవె తలకిందులవుతుందని. “తలకిందులు కావడం” అన్న ఆ క్రియకు నాశనం కావడమనీ, పూర్తిగా మారిపోవడమనీ రెండర్థాలు ఉన్నాయి. ప్రవక్త మొదటిది ఆశించాడు, జరిగింది రెండవది. దేవుడు దీర్ఘశాంతుడని తనకు ముందే తెలుసని, అందుకే తర్షీషుకు పారిపోయానని యోనా 4:2లో దేవుని మీదే నేరం మోపుతాడు. సీనాయి కొండ మీద వినబడిన ఆ మాటే ఇక్కడ ఫిర్యాదుగా మారింది. నాకు దయ కావాలి, నా శత్రువుకు న్యాయం జరగాలి అనే మన మనస్సును ఇంత సూటిగా చూపిన పుస్తకం ఇంకొకటి లేదు. దేవుడు అతన్ని గద్దించలేదు. ఒక్క రాత్రిలో పెరిగి ఎండిన సొరచెట్టును చూపి, 1,20,000 మందికి పైగా ఉన్న నగరం గురించి నేను విచారపడకూడదా అని అడిగాడు.

అదే నీనెవె క్రీ.పూ. 612లో కూలిపోయింది. ఒక తరం మారితే దాని మేలు ఆ తరానికి దక్కింది. తరువాతి తరాలు దాన్ని వారసత్వంగా దాచుకోలేకపోయాయి.

ప్రార్థనలో ఒప్పుకుంటే చాలదా? మనుషులకు కూడా తిరిగి చెల్లించాలా?

చెల్లించగలిగితే చెల్లించాలి. మేమేమి చేయాలని జనులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను ఇచ్చిన జవాబులు లూకా 3వ అధ్యాయంలో ఉన్నాయి: రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలి, సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవారు, నిర్ణయించినదానికంటె ఎక్కువ వసూలు చేయకూడదు, సైనికులు ఎవరినీ బెదిరించి సొమ్ము లాగక తమ జీతంతో తృప్తి పడాలి. ప్రతివాడికీ అతని వృత్తిలోనే మారుమనస్సును చూపించాడు. మనకు దీన్ని అన్వయించుకుంటే, కాటాలో మోసం చేసేవాడి మారుమనస్సు కాటా దగ్గర కనబడాలి. లంచం తీసుకున్నవాడి మారుమనస్సు అతని బల్ల దగ్గర కనబడాలి.

యెరికోలోని సుంకరి జక్కయ్య ఇంకా ముందుకు వెళ్ళాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలుతో పాటు అయిదవ వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండము 5:7 చెబుతుండగా, అతడు అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు. యేసు అతన్ని ఇంత ఇవ్వమని అడగలేదు. ఆయన చేసిందల్లా ఆ ఇంటికి అతిథిగా వెళ్ళడమే. దేవుని అనుగ్రహమే మారుమనస్సుకు నడిపిస్తుందని పౌలు రోమీయులకు 2:4లో చెప్పిన మాట ఆ ఇంట్లో కళ్లకు కనబడింది. చెల్లింపు క్షమాపణకు వెల కాదు. క్షమాపణ వచ్చిన ఇంట్లో చేతులు వాటంతట అవే తెరుచుకుంటాయి.

చివరి ఘడియలో మారుమనస్సు పొందితే దేవుడు అంగీకరిస్తాడా?

అంగీకరిస్తాడు. “నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు” అని సిలువ మీది దొంగకు యేసు చెప్పిన మాట మీద మరొక వివరణ అక్కరలేదు. కాని ఆ దొంగను చూపి “తరువాత చూద్దాంలే” అనేవారికి రెండు సంగతులు చెప్పాలి. అతడు యేసును ముందే ఎరిగి వాయిదా వేసినట్టు సువార్తలో ఎక్కడా లేదు. మత్తయి 20వ అధ్యాయంలో సాయంకాలం అయిదింటికి పనిలో చేరిన కూలీలు కూడా, తమను ఎవరూ కూలికి పెట్టుకోలేదు కాబట్టే నిలబడి ఉన్నామన్నారు; ఉదయాన్నే పిలిస్తే రామన్నవారు కారు.

రెండవది నాకు ఒక మంచం పక్కన తెలిసింది. ఒక పెద్దాయన చివరి రోజులలో నన్ను పిలిపించారు. చిన్నప్పటి నుండి మందిరానికి వచ్చిన మనిషి. పాపాలు ఒప్పుకున్నారు, ప్రార్థించాం, దేవుడు క్షమించాడన్న సంగతిలో ఆయనకు అనుమానం లేదు. అయినా ఆయన కన్ను ఆరడం లేదు. ముప్పై ఏళ్ల కిందట పొలం గట్టు జరిపి అన్నగారి భూమిలో కొంత కలుపుకున్నారట. అప్పటి నుండి మాటల్లేవు. చెప్పాలని ప్రతి క్రిస్మస్‌కు అనుకునేవారట. అన్నగారు పోయి అప్పటికి ఆరేళ్లయింది. “దేవుడు ఆగాడు గాని అన్న ఆగలేదు బాబూ” అన్నారు. భూమి అన్నగారి పిల్లలకు తిరిగి రాయించారు. అన్నగారి ముఖం చూసి చెప్పవలసిన మాట మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఆలస్యమైన మారుమనస్సును దేవుడు తోసిపుచ్చడు, కాని ఆలస్యం తినేసిన సంవత్సరాలు అలాగే తిరిగి రావు.

అదే పాపంలో మళ్ళీ మళ్ళీ పడుతున్నాను. నా మారుమనస్సు అబద్ధమా?

పడినందుకు బాధ ఉంటే, లేచి తిరిగి రావాలని ఉంటే, అబద్ధమని తొందరపడి అనుకోకండి. సహోదరుని ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగిన పేతురుకు లెక్క పెట్టలేనన్ని సార్లు క్షమించమని నేర్పినవాడు తాను అంతకంటె తక్కువ క్షమిస్తాడా? 1517లో జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతాలలో మొట్టమొదటిది, విశ్వాసుల జీవితమంతా మారుమనస్సుగానే ఉండాలని ప్రభువు కోరాడన్నది. బాప్తిస్మం రోజున ఒకసారి చేసి ముగించే పని కాదది.

కొందరిలో వెలుగు మెల్లగా పాకుతుంది. ఇంగ్లండుకు చెందిన నావికుడు జాన్ న్యూటన్ 1748లో సముద్ర తుఫానులో దేవునికి మొరపెట్టాడు; ఆ తరువాత కూడా 1754 దాకా ఆఫ్రికా బానిసలను మోసే ఓడలలో పనిచేశాడు, వాటికి కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. ఆ వ్యాపారాన్ని బహిరంగంగా ఖండిస్తూ, తన పాత్రకు సిగ్గుపడుతూ అతడు రాసింది 1788లో. నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్ల దేవుని ఓర్పుకు నేను ఆశ్చర్యపడతాను. అదే కాలంలో ఓడల అడుగున గొలుసులతో ఉన్నవారిని తలచుకున్నప్పుడు నా నోట మాట రాదు. రెండూ కలిపి చెప్పకపోతే న్యూటన్ కథ చెప్పకపోవడమే మంచిది.

క్షమించరాని పాపం నేను చేశానేమోనని భయంగా ఉంది.

మార్కు 3వ అధ్యాయంలో యేసు ఆ మాట అన్నది, పరిశుద్ధాత్మ చేసిన పనిని కళ్లారా చూసి అది దయ్యం పని అని పట్టుబట్టినవారితో. మీలా భయపడి వచ్చినవారితో కాదు. క్షమాపణ కావాలని మీరు అడుగుతున్నారంటే తలుపు తెరిచే ఉంది.

ఇంట్లో ఒకరి కోసం ఏళ్లుగా ప్రార్థిస్తున్నాను. ఇంకా ఎంతకాలం?

తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను తల్లి మోనిక కొడుకు కోసం ఏళ్ల తరబడి ఏడ్చింది, ఆఫ్రికా నుండి ఇటలీకి అతని వెనుకే వెళ్ళింది. 387 ఈస్టరుకు మిలాను నగరంలో అక్కడి బిషప్పు అంబ్రోసు చేతుల మీదుగా అతడు బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం ఆమె కన్నుమూసింది. ఆమె పొందిన ఫలం ఆమె ఎదురుచూసిన కాలంతో పోలిస్తే చాలా చిన్నది, అయినా ఆమె చూసింది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి ఎదురుచూపు ఉంది. అమెరికను బాప్టిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. ఫలితం ఎంత తక్కువగా కనబడిందంటే 1853లో ఆ మిషనును మూసివేయాలన్న ప్రతిపాదన వచ్చింది. అంజూరపు చెట్టు మాటే అక్కడా! మూయలేదు. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న ఆ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని కల్పించారు. కరువు సాయం నడిచినంతకాలం, అన్నం కోసం ఎవరూ బాప్తిస్మం అడగకూడదని బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజులో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఖ్య గొప్పదే. నాకు మాత్రం అంతకంటె గొప్పగా తోచేది, అడుగుతున్నవారిని కూడా ఆగమని చెప్పగలిగిన ఆ నిగ్రహం.

కాబట్టి ఎంతకాలమని గడువు చెప్పలేను. ప్రార్థన మానకండి; అలాగని ప్రతి పూట భోజనం దగ్గర ప్రసంగమూ చేయకండి.

ఈ రాత్రే మొదలుపెట్టాలంటే ఏమి చేయాలి?

51వ కీర్తన నెమ్మదిగా, పైకి వినబడేలా చదవండి. “నా పాపములన్నియు” అని మొత్తంగా కాక, చేసిన దాన్ని దాని పేరుతో దేవునికి చెప్పండి. కతోలికులైతే పాపసంకీర్తనానికి వెళ్ళండి. ఇతర సంఘాలవారు రహస్యం దాచగల కాపరితోనో, పెద్దతోనో ఒకసారి నోటితో చెప్పండి, ఎందుకంటే ఒంటరిగా మోసే పాపం చాలామందిని మళ్ళీ అక్కడికే లాగుతుంది. తరువాత ఒక కాగితం మీద మీరు నష్టపరచిన మనిషి పేరు రాయండి. ఆ మనిషి బ్రతికి ఉంటే, మీ మాట వినడం వారికి హాని కాకపోతే, రేపు పొద్దున్నే ఫోన్ చేయండి.